బైక్‌కి డిస్క్ బ్రేక్ ఉంది, 55 టన్నుల లారీకి ఎందుకు లేదు?



ఈరోజు ముందుగా మీకో చిన్న పని చెప్తాను. మీ బైక్ ముందు చక్రం దగ్గర ఒకసారి కూర్చుని చూడండి. చిల్లులున్న ఒక ఉక్కు పళ్ళెం కనిపిస్తుంది. అదే డిస్క్. బండి, మీరు, వెనక కూర్చున్న ఫ్రెండు, అంతా కలిపి తూకం వేస్తే 300 కిలోలు రావడం కష్టం.

ఇప్పుడు హైవే పక్కన దాబా దగ్గర ఆగిన ట్రైలర్ లారీ దగ్గరికి వెళ్ళండి. లోడుతో కలిపి 55 టన్నుల దాకా బరువుండే బండి అది. చక్రాల వెనక్కి తొంగి చూస్తే డిస్క్ కనపడదు. బోర్లించిన గంగాళం లాంటి ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. అది డ్రమ్ము. మన దేశంలో బరువు మోసే లారీల్లో చాలా వరకు ఇప్పటికీ డ్రమ్మే.

300 కిలోల బండికి డిస్క్, 55 టన్నుల బండికి డ్రమ్ము. ఎక్కడో తేడా కొడుతోంది కదా? ఎవర్ని అడిగినా "డబ్బులు మిగుల్చుకోడానికి సార్" అంటారు. అది సగం నిజం. మిగతా సగం 120 ఏళ్ళ కథ. అందులో గుర్రబ్బండ్లు ఉన్నాయి, రైళ్ళు ఉన్నాయి, ఒక కార్ల రేసు ఉంది, ఒక కోర్టు కేసు కూడా ఉంది.

కథలోకి వెళ్ళే ముందు ఒక్క లెక్క. బోర్ కొట్టదు, రెండు నిమిషాలే.

బ్రేకు చేసే అసలు పని ఏంటంటే, బండి పరుగుని వేడిగా మార్చడం. అంతే. ఆ వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. 40 టన్నుల లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా పూర్తిగా ఆపారనుకోండి. పుట్టే వేడితో సుమారు 33 లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా కాచొచ్చు. అంటే రెండు బిందెల నీళ్ళు. కొన్ని సెకన్లలో. ఇది ఫర్వాలేదు, డ్రమ్ముల ఇనుము ఆ వేడిని తాగేస్తుంది, తర్వాత మెల్లగా గాలికి వదిలేస్తుంది.

అసలు సమస్య ఘాట్ దిగేటప్పుడు వస్తుంది. 6 కిలోమీటర్ల దిగుడు అనుకుందాం. ప్రతి 100 మీటర్లకి 7 మీటర్లు కిందికి. మొత్తం దిగేది 420 మీటర్లు. అదే లారీ గంటకు 30 వేగంతో దిగితే 12 నిమిషాలు పడుతుంది. ఆ 12 నిమిషాలూ బ్రేకు తొక్కే పట్టుకుని దిగితే సుమారు 560 లీటర్ల నీళ్ళు కాగేంత వేడి పుడుతుంది. ఇంకోలా చెప్పాలంటే, 300 హార్స్‌పవర్ హీటర్‌ని 12 నిమిషాలు ఆపకుండా ఆన్ చేసి చక్రాల్లో పెట్టినట్టు. టైర్లు, ఎదురుగాలి కొంత తింటాయి, కాదనను. అయినా మిగిలేది చాలా ఎక్కువ. లారీని ముందుకు లాగే ఇంజిన్ పవర్‌కీ, వెనక్కి పట్టి ఉంచే పవర్‌కీ పెద్ద తేడా లేదన్నమాట. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు 1902కి వెళ్దాం.

ఆ ఏడాది రెండు దారులూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో లూయీ రెనో ఇప్పుడు మనం చూసే డ్రమ్ బ్రేకుకి రూపం ఇచ్చాడు. రెనో కార్ల రెనోనే. అంతకుముందు చాలా బళ్ళలో డ్రమ్ము బయట ఒక పట్టీ చుట్టి బిగించేవాళ్ళు. వాన పడితే జారేది, దుమ్ము పడితే అరిగేది. లోపలి నుంచి రెండు షూలు విచ్చుకుని డ్రమ్ముని ఒత్తేలా చేస్తే ఆ గొడవ చాలా వరకు పోయింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజినీరు డిస్క్ బ్రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. అవును, 1902లోనే. డిస్క్ అంటే ఏదో లేటెస్ట్ టెక్నాలజీ అనుకుంటాం గానీ, దాని వయసు కూడా డ్రమ్ము వయసే.

మరి లాంచెస్టర్ ఎందుకు ఓడిపోయాడు? ఆయన డిస్క్‌ని పట్టుకోడానికి వాడింది రాగి. లోహం మీద లోహం. బ్రేకు వేస్తే చెవులు చిల్లులు పడే కీచు శబ్దం. పైగా ఆ రోజుల్లో రోడ్లన్నీ మట్టి రోడ్లు, రాగి ఇట్టే అరిగిపోయేది. ఐడియా మంచిదే, దానికి తగిన మెటీరియల్ ఇంకా పుట్టలేదు.

ఆ మెటీరియల్ కథ ఇంకో ఇంగ్లీషాయనది. పేరు హెర్బర్ట్ ఫ్రూడ్. డెర్బీషైర్ కొండల్లో గుర్రబ్బండ్ల వాళ్ళు దిగుడులో బండి ఆపడానికి చెక్క దిమ్మలకి పాత బూట్ల తోలు తగిలించేవాళ్ళట. అది చూసి ఆయనకి ఆలోచన వచ్చిందని చెబుతారు. 1897లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ముందు నూలు గుడ్డని జిగురు పదార్థాల్లో నానబెట్టి చేశాడు, వేడెక్కితే అది మాడిపోయేది. తర్వాత రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ పట్టుకున్నాడు. నిప్పులో వేసినా కాలదు, గుడ్డలా నేయొచ్చు. బ్రేకు లైనింగ్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఆయన కంపెనీ పేరు ఫెరోడో. ఫ్రూడ్ అనే ఇంటి పేరులోని ఇంగ్లీషు అక్షరాలనే అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపితే వచ్చిన పేరది. ఇప్పటికీ బ్రేకు ప్యాడ్ల డబ్బాల మీద ఆ పేరు చూస్తాం.

ఈ రాతినార వల్లే డ్రమ్ము బతికింది, లారీ బరువు పెరిగింది. దాని ఖరీదు మాత్రం వేరే వాళ్ళు కట్టారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ళ తర్వాత క్యాన్సర్ తెస్తుంది. పాత డ్రమ్ము విప్పగానే మెకానిక్‌లు చేసే మొదటి పని లోపలి పొడిని గాలి పైపు పెట్టి ఊదడం. ఆ పొడిలోనే అది ఉండేది. ఎంత మంది మెకానిక్‌లు ఏం జరిగిందో తెలియకుండానే దగ్గుతూ పోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. బ్రిటన్‌లో 1999లో, యూరప్ యూనియన్ మొత్తంలో 2005 నాటికి రాతినారని నిషేధించారు. మన కడప జిల్లా పులివెందుల వైపు కూడా రాతినార గనులు ఉండేవి, ఈ తరం వాళ్ళలో చాలామందికి తెలియదు. ఇది విడిగా ఒక ఎపిసోడ్‌కి సరిపడే సబ్జెక్టు, ఇక్కడికి ఆపుతాను.

సరే, షూ ఉంది, లైనింగ్ ఉంది. దాన్ని ఒత్తడానికి బలం కావాలి. కారుకైతే ఆయిల్ ప్రెషర్ సరిపోయింది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. లారీకి మాత్రం రైలు నుంచి గాలి అప్పు తెచ్చుకున్నారు.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైలు గాలి బ్రేకుకి పేటెంట్ తీసుకున్నది 1869లో. అప్పటికి ఆయన వయసు 22. మీలో చాలామంది వయసు. మొదటి డిజైన్‌లో ఒక లోపం ఉంది. గాలి పంపిస్తే బ్రేకు పడుతుంది. మరి పైపు తెగితే? బ్రేకు లేదు. 1872కల్లా దాన్ని తలకిందులు చేశాడు. గాలి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే బ్రేకు పడిపోతుంది. పైపు తెగితే రైలే ఆగిపోతుంది.

ఇవాళ్టి లారీల వెనక యాక్సిల్ మీద పార్కింగ్ బ్రేకు కూడా ఇలాంటిదే. లోపల బలమైన స్ప్రింగ్ ఉంటుంది. గాలి దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగ్ విడుదలై బ్రేకు పట్టేస్తుంది. పొద్దున్నే లారీ స్టార్ట్ చేసి డ్రైవర్ టీ తాగుతూ నిలబడ్డాడంటే బద్ధకం కాదు, గాలి ఎక్కేదాకా బండి కదలదు.

మామూలు కాలి బ్రేకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెడల్ తొక్కితే ప్రతి చక్రం దగ్గరున్న బూస్టర్‌లోకి గాలి వెళ్తుంది. బూస్టర్ అంటే లోపల రబ్బరు పొర ఉన్న గుండ్రటి డబ్బా. లారీల్లో బాగా వాడే సైజులో ఆ పొర విస్తీర్ణం 30 చదరపు అంగుళాలు. గాలి ప్రెషర్ 100 పౌండ్లు ఉంటే తోపుడు 3000 పౌండ్లు, అంటే దాదాపు 1360 కిలోలు. ఆ తోపుడికి ఒక రాడ్ కదులుతుంది. రాడ్ అడ్జస్టర్‌ని తిప్పుతుంది. అడ్జస్టర్ ఒక షాఫ్ట్‌ని తిప్పుతుంది. షాఫ్ట్ చివర ఇంగ్లీషు ఎస్ అక్షరం ఆకారంలో క్యామ్ ఉంటుంది, అది తిరిగితే రెండు షూలూ విచ్చుకుంటాయి. దీన్నే ఎస్-క్యామ్ బ్రేక్ అంటారు. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ తెలివైన పనిముట్టు. పైగా డ్రమ్ము తిరిగే దిశ వల్ల ఒక షూ దానంతటదే ఇంకా గట్టిగా లోపలికి లాక్కోబడుతుంది. తక్కువ బలంతో ఎక్కువ పట్టు. చక్రమే తన బ్రేకుకి సాయం చేస్తుందన్నమాట.

ఇప్పుడు ఘాట్ లెక్క గుర్తు తెచ్చుకోండి.

వేడెక్కితే ఇనుము వ్యాకోచిస్తుంది, ఎనిమిదో తరగతిలో చదివాం. డ్రమ్ము వేడెక్కితే పెద్దదవుతుంది, అంటే షూల నుంచి దూరంగా జరుగుతుంది. షూ దాన్ని అందుకోవాలంటే రాడ్ ఇంకాస్త బయటికి రావాలి. ఆ 30 సైజు బూస్టర్‌లో రాడ్ మొత్తం ప్రయాణం రెండున్నర అంగుళాలు. చల్లగా ఉన్నప్పుడే రెండు అంగుళాలు దాటితే సెట్టింగ్ పోయినట్టే లెక్క. అంటే చేతిలో ఉన్న మార్జిన్ అర అంగుళం. అడ్జస్ట్ చేయని బండి ఘాట్ ఎక్కి, అవతల పక్క దిగుతూ ఉంటే ఆ అర అంగుళం డ్రమ్ము వ్యాకోచంలోనే కరిగిపోతుంది. పైగా వేడికి లైనింగ్ కూడా పట్టు కోల్పోతుంది.

ఇందులో భయపెట్టే విషయం ఇంకోటి ఉంది. కారులో బ్రేకు వీక్ అయితే పెడల్ లోపలికి దిగిపోతుంది, కాలికి తెలుస్తుంది. గాలి బ్రేకులో తెలియదు. పెడల్ కింద ఉన్నది గాలిని వదిలే వాల్వ్ మాత్రమే. అడ్జస్ట్‌మెంట్ పోయినా, డ్రమ్ములు ఎర్రగా కాలుతున్నా కాలికి అదే ఫీలింగ్. డ్రైవర్‌కి తెలిసేది వాసన వచ్చినప్పుడు, లేదా బండి ఆగనప్పుడు.

డిస్క్‌లో ఇది తిరగబడుతుంది. పళ్ళెం వేడెక్కితే మందం పెరుగుతుంది, అంటే ప్యాడ్‌ల వైపే జరుగుతుంది. పైగా గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది.

మరి ఇంత క్లియర్‌గా ఉంటే డిస్క్ ఎప్పుడు తిరిగొచ్చింది? విమానాల చక్రాలకి వాడారు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ టైగర్ ట్యాంకులో డిస్క్ బ్రేకులు ఉన్నాయి. జనం కళ్ళలో పడింది మాత్రం రేసు ట్రాక్ మీద. 1953లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసుని జాగ్వార్ సి-టైప్ కారు డన్‌లప్ డిస్క్ బ్రేకులతో గెలిచింది. మిగతావాళ్ళు మలుపుకి ఎంతో ముందే బ్రేకు వేస్తుంటే, జాగ్వార్ వాళ్ళు చివరి దాకా వెళ్ళి వేసేవాళ్ళు. గంట గంటకీ, రాత్రంతా అలాగే.

రెండేళ్ళ తర్వాత, 1955లో, అదే ట్రాక్ మీద కార్ల రేసుల చరిత్రలోనే అతి ఘోరమైన ప్రమాదం జరిగింది. డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ ఒక్కసారిగా వేగం తగ్గించి పక్కకి వచ్చింది. వెనకున్న కారు తప్పుకోబోయి, వేగంగా వస్తున్న మెర్సిడెస్‌కి అడ్డం వచ్చింది. మెర్సిడెస్‌కి ఉన్నవి డ్రమ్ములు. అది ఎగిరి జనం మీద పడింది. 80 మందికి పైగా చనిపోయారు. తప్పెవరిదనేది ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు, ఆ ట్రాక్ కూడా ఇరుకు. కానీ ఒకే రోడ్డు మీద వేర్వేరు బ్రేకులున్న బళ్ళు వెళ్తే ఏమవుతుందనే ప్రశ్న ఆ రోజు లేచింది. అది లారీ కథలో మళ్ళీ వస్తుంది.

అదే 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకి డిస్కులతో మార్కెట్లోకి వచ్చింది. తర్వాత 20, 30 ఏళ్ళలో కార్లన్నీ మారిపోయాయి. లారీ మారలేదు.

కారణం పిసినారితనం ఒక్కటే కాదు. డ్రమ్ములో చక్రమే సాయం చేస్తుందని చెప్పాను కదా, డిస్క్‌లో ఆ సాయం లేదు. ప్యాడ్‌ని చాలా ఎక్కువ బలంతో నొక్కాలి. కారులో ఆయిల్ ప్రెషర్ ఎంతంటే అంత పెంచొచ్చు. లారీలో ఉన్నది గాలి, దాని ప్రెషర్ తక్కువ. ఆ 1360 కిలోల తోపుడిని పది రెట్లకు మించి పెంచే లివర్, దుమ్ము, నీళ్ళు పోకుండా సీలు, అరిగే కొద్దీ తనే సర్దుకునే ఏర్పాటు, ఇవన్నీ చక్రం రిమ్ లోపల దొరికే జానెడు జాగాలో ఇరికించాలి. లక్షల కిలోమీటర్లు పనిచేయాలి. చెప్పినంత ఈజీ కాదు.

ఈలోపు కొందరు అసలు వేరే దారి పట్టారు. 1931లో క్లెస్సీ కమిన్స్, అవును, కమిన్స్ ఇంజిన్ల కమిన్సే, తన డీజిల్ ఇంజిన్ సత్తా చూపించడానికి ట్రక్కులో అమెరికా అంతా దాటుతున్నాడు. కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ దిగుతుండగా బ్రేకులు పోయాయి. కింద రైల్వే క్రాసింగ్, గూడ్సు రైలు వెళ్తోంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఆ రోజు పట్టుకున్న భయం ఆయన్ని వదల్లేదు. రిటైర్ అయ్యాక దానికి మందు కనిపెట్టాడు. ఇంజిన్ సిలిండర్‌లో గాలి బాగా నొక్కుకున్నాక వాల్వ్ తెరిచి ఆ గాలిని బయటికి వదిలేస్తే, ఇంజిన్ పవర్ ఇచ్చేది కాస్తా పవర్ తినేదిగా మారుతుంది. 1961లో జేకబ్స్ కంపెనీ దీన్ని అమ్మకానికి తెచ్చింది. అందుకే జేక్ బ్రేక్ అంటారు. అమెరికా ట్రక్కు వీడియోల్లో దిగుడులో మెషిన్‌గన్ లాగా శబ్దం వినిపిస్తుందే, అదే. 300 హార్స్‌పవర్ వేడిని చక్రాల్లో పెట్టకుండా సైలెన్సర్ నుంచి బయటికి పంపడం. నన్నడిగితే లారీ బ్రేకుల చరిత్రలో డిస్క్ కంటే ఇదే గొప్ప ఐడియా.

ఇక కోర్టు కేసు.

అమెరికాలో చాలా కాలం మూడు యాక్సిళ్ళ ట్రక్కులకి ముందు చక్రాల బ్రేకు లేకపోయినా చట్టం ఒప్పుకునేది. ముందు బ్రేకు వేస్తే స్టీరింగ్ జారిపోతుందని డ్రైవర్ల నమ్మకం. ఉన్న బ్రేకుని కూడా పీకేసేవాళ్ళు. ఫిజిక్స్ చూస్తే ఇది రివర్స్. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి వాలుతుంది, పట్టు ఎక్కువ దొరికేది ముందు చక్రాలకే. మన బైక్‌కి ముందు డిస్క్ పెట్టేదీ అందుకే.

1975లో అమెరికా ప్రభుత్వం ట్రక్కులు ఇంత దూరంలో ఆగాలి, చక్రాలు లాక్ కాకూడదు అని రూల్ తెచ్చింది. ట్రక్కులకి యాంటీలాక్ కంప్యూటర్లు వచ్చాయి. 1975 నాటి ఎలక్ట్రానిక్స్ ఎలా ఉంటాయో ఊహించుకోండి. రోడ్డు మీద అవి మొరాయించాయి. పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ ట్రక్కులు తయారుచేసే ప్యాకార్ కంపెనీ కోర్టుకెళ్ళింది. 1978లో కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. పరికరాలు నమ్మదగినవో కాదో సరిగా చూసుకోకుండా రూల్ పెట్టారని చెప్పి, ట్రక్కుల యాంటీలాక్‌ని, ఆగే దూరం రూల్‌ని పక్కన పెట్టేసింది. ఆ యాంటీలాక్ మళ్ళీ రావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు 20 ఏళ్ళు. కోర్టు తప్పు అనను, ఆ పరికరం నిజంగానే పచ్చిది. కానీ ఒక మంచి వస్తువుని తొందరపడి తెస్తే దాని మీద పడే మచ్చ ఒక తరం దాకా పోదు.

యూరప్ వేరే దారిలో వెళ్ళింది. అక్కడ ఆల్ప్స్ కొండలున్నాయి. మొదట నేను చెప్పిన 6 కిలోమీటర్లు, 7 శాతం దిగుడు, 30 వేగం గుర్తుందా? అది నేను కల్పించిన లెక్క కాదు. యూరప్ బ్రేకు నిబంధనల్లో అలాంటి టెస్టు ఒకటి ఉంది. కొన్ని రకాల బరువు బళ్ళు ఆ దిగుడుని మామూలు కాలి బ్రేకు ముట్టుకోకుండా, ఇంజిన్ బ్రేకు, రిటార్డర్ లాంటి వాటితోనే దిగాలి. 1996లో మెర్సిడెస్ ఆక్ట్రోస్ అన్ని చక్రాలకీ డిస్కులు, ఎలక్ట్రానిక్ కంట్రోలుతో వచ్చింది. కొన్నేళ్ళలో యూరప్ హైవే ట్రక్కుల్లో డిస్క్ మామూలైపోయింది. అక్కడ ట్రక్కులో ఏ బ్రేకు ఉండాలో కంపెనీ నిర్ణయిస్తుంది. అమెరికాలో ట్రక్కు కొనేవాడు యాక్సిల్, ఇంజిన్, బ్రేకు విడివిడిగా ఎంచుకుంటాడు. ఎంచుకోమంటే చవకది ఎంచుకుంటాడు, అది మానవ సహజం. అయినా యూరప్‌లో కూడా క్వారీల్లో, మట్టి పనుల్లో తిరిగే టిప్పర్లు డ్రమ్ముని పూర్తిగా వదల్లేదు. కంకర, బురద మధ్య మూసి ఉన్న డ్రమ్మే నయమని వాళ్ళ లెక్క.

2009లో అమెరికా మళ్ళీ రూల్ బిగించింది. గంటకు 60 మైళ్ళ వేగం నుంచి మామూలు ట్రాక్టర్ ట్రక్కు అంతకుముందు 355 అడుగుల్లో ఆగితే చాలు. ఇకనుంచి 250 అడుగుల్లో ఆగాలి. మన లెక్కలో 108 మీటర్ల నుంచి 76 మీటర్లకి. అందరూ ఇక డ్రమ్ము పని అయిపోయిందన్నారు. కాలేదు! డ్రమ్ముల్నే ఇంకా వెడల్పుగా, పెద్దవిగా చేసి చాలా కంపెనీలు ఆ టెస్టు పాసైపోయాయి. ఎందుకంటే టెస్టు ఒక్కసారి ఆగడానికి సంబంధించింది. ఒక్కసారి ఆపడంలో మంచి డ్రమ్ము కూడా బాగానే ఆపుతుంది. తేడా పదోసారికి, ఘాట్‌లో, వేడెక్కాక తెలుస్తుంది. తమాషా ఏంటంటే, తర్వాతి కాలంలో ముందు చక్రాలకి డిస్కుల్ని స్టాండర్డ్‌గా ఇచ్చిన వాళ్ళలో పీటర్‌బిల్ట్ కూడా ఉంది. 1978లో కేసు గెలిచిన ప్యాకార్ వాళ్ళదే.

ఇక్కడే ల మాన్ ప్రశ్న తిరిగొస్తుంది. ముందున్న ఇంజిన్ బండికి డిస్క్, వెనక తగిలించిన ట్రైలర్‌కి పాత డ్రమ్ము. దిగుడులో డ్రమ్ములు వేడెక్కి చేతులెత్తేస్తే ట్రైలర్ బరువు కూడా ముందు డిస్కుల మీదే పడుతుంది. ప్యాడ్లు గబగబా అరిగిపోతాయి. ఓనర్ ఏమంటాడు? "డిస్క్ పెట్టించా, ఆరునెల్లకే ప్యాడ్లు పోయాయి, దండగ" అంటాడు. తప్పు డిస్క్‌ది కాదు, జోడీది.

2019 ఏప్రిల్ 25న అమెరికాలోని కొలరాడోలో, రాకీ పర్వతాల నుంచి డెన్వర్ వైపు దిగే ఐ-70 హైవే మీద ఒక ట్రక్కు ఆగలేదు. చెక్క లోడు. బ్రేకులు పోయాయని డ్రైవర్ చెప్పాడు. లేక్‌వుడ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్న కార్ల మీదికి వెళ్ళింది. నలుగురు చనిపోయారు. దారిలో ఇలాంటి బళ్ళ కోసమే కట్టిన ర్యాంప్ ఉంది, దాన్ని దాటి వచ్చేశాడు. 20ల వయసు కుర్రాడు. కోర్టు 110 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. లక్షల మంది ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు పెట్టారు, చివరికి గవర్నర్ దాన్ని 10 ఏళ్ళకి తగ్గించాడు. శిక్ష మరీ ఎక్కువన్న వాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఆ నలుగురి ఇళ్ళ వైపు నుంచి చూస్తే ఏం మాట్లాడాలో తెలియదు. ఆ కుర్రాడిని కొండ మీదికి పంపేముందు ఆ బ్రేకులు ఎవరు చూశారు, వేడి గురించి వాడికి ఎవరు నేర్పారు అనే ప్రశ్న మాత్రం శిక్ష గొడవలో మునిగిపోయింది.

మన దగ్గరికి వద్దాం. 2018లో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. రెండు యాక్సిళ్ళ లారీ 16.2 టన్నుల నుంచి 18.5కి, మూడు యాక్సిళ్ళది 25 నుంచి 28.5కి, పెద్ద ట్రైలర్ 49 నుంచి 55కి. అంతకుముందు 2015లో బరువు బళ్ళకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఒక విషయం క్లియర్ చేస్తాను, చాలామంది కలిపేస్తుంటారు. ఏబీఎస్ వేరు, డిస్క్ వేరు. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, డ్రమ్ముతో కూడా పనిచేస్తుంది. వేడిని అది ఏమీ చేయలేదు.

2022 నవంబరులో పుణె నవలె బ్రిడ్జి దగ్గర ఒక ట్రక్కు 48 బళ్ళని గుద్దింది. మొదట అందరూ బ్రేక్ ఫెయిల్ అన్నారు. ప్రాథమిక విచారణ తర్వాత పోలీసులు చెప్పింది వేరు. దిగుడులో ఇంజిన్ ఆపేసి వస్తున్నాడని. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగడం మన రోడ్ల మీద పాత అలవాటే. ఇంజిన్ ఆపితే గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, ఇంజిన్ పట్టు పోతుంది, మొత్తం బరువు డ్రమ్ముల మీద పడుతుంది. అక్కడ డిస్క్ ఉంటే? కాస్త ఎక్కువ సేపు తట్టుకునేది. అంతే.

ఈ ఎపిసోడ్ కోసం నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి వెళ్ళాను. ముప్పై ఏళ్ళకు పైగా లారీ బ్రేకుల పనే చేస్తున్న మేస్త్రి ఒకాయన ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. "బాబాయ్, డిస్క్ మంచిదా, డ్రమ్ మంచిదా?" అని అడిగాను.

"డిస్కే మంచిది, అందులో డౌటేముంది? ఆ ఖరీదైన ఏసీ బస్సులకి ఉంటాయిగా. పట్టు ఎలా ఉంటదో నేను నడిపి చూశాను. కానీ అబ్బాయ్, లోడు లారీ రాత్రి రెండింటికి ఏ రాయపూర్ అవతలో ఆగిపోతే క్యాలిపర్ ఎవడు తెస్తాడు? లైనింగ్ అయితే ఏ ఊళ్ళోనైనా దొరుకుద్ది. రివెట్లు కొట్టేవాడూ దొరుకుతాడు."

ఇదే అసలు లెక్క అని నాకనిపించింది. ఒక లారీ ఓనర్ డిస్కుకి ఎక్కువ డబ్బులు పెట్టాలంటే దారి పొడుగునా స్పేర్లుండాలి, ట్రైలర్‌కి కూడా డిస్కే ఉండాలి, పరిమితికి మించి లోడు ఎక్కించకూడదు. ఈ మూడూ ఉన్న కంపెనీలు, అంటే ఒకే రూట్లో తిప్పుతూ సొంత ట్రైలర్లు పెట్టుకునే వాళ్ళు, ఇప్పుడే మారొచ్చు. ఆయిల్, గ్యాస్ ట్యాంకర్లయితే మారాల్సిందే అంటాను. ఒక్క లారీ అప్పు మీద కొని తనే నడుపుకునేవాడికి మాత్రం నేను డిస్క్ కొను అని చెప్పలేను. ఎగ్జాస్ట్ బ్రేక్ రిపేర్‌లో ఉంటే ముందు అది బాగుచేయించు, దిగే ముందే గేరు తగ్గించు అని చెప్తాను. ఎక్కిన గేరుకంటే పై గేరులో దిగొద్దని పాత డ్రైవర్లు ఊరికే అనలేదు.

నేను కెమెరా సర్దుకుంటుండగా మేస్త్రి ఒక టిప్పర్ కిందికి దూరారు. చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టించారు. సుద్దముక్కతో బూస్టర్ రాడ్ మీద గీత పెట్టి, "తొక్కరా" అని కేకేశారు. పైన క్యాబిన్‌లో క్లీనర్ కుర్రాడు పెడల్ తొక్కాడు. బుస్సుమంది. సుద్ద గీత బయటికి జరిగింది. ఆయన టేపు పెట్టి కొలిచారు. రెండు అంగుళాలు దాటి ఇంకో రెండు నూళ్ళు ఉంది.

"డ్రైవర్ ఏమన్నాడో తెలుసా? బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆయిల్ మార్చి పంపించు చాలు అన్నాడు."

తర్వాత రెండో చక్రం దగ్గరికి జరిగారు.